పొగాకు నారుమడి నుంచి టీకా సీసా దాకా

పొగాకు నారుమళ్ల దగ్గర వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్న జాగ్రత్త ఒకటుంది. నారు పీకే కూలీలు ఆ పూట చుట్ట కాల్చకూడదు, పొగాకు నమలకూడదు, మడిలో దిగబోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎండి, పండి, చుట్టగా చుట్టిన ఆకులో కూడా మొజాయిక్ తెగులు వైరస్ చెక్కుచెదరకుండా ఉంటుంది. చుట్ట పట్టిన వేళ్లు లేత మొక్కను తాకితే చాలు, ఆకు మీది సన్నటి నూగు విరిగిన చోట నుంచి అది లోపలికి దిగుతుంది. కొన్నాళ్లకు ఆకు నిండా లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు తేలతాయి. మొక్క గిడసబారుతుంది. ఆకుకు ధర పడిపోతుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నేలలకూ ఈ మొక్కకూ వందేళ్ల అనుబంధం. 1920లలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు వేళ్లూనుకుంది. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, అంటే జనం నోట ఐ.ఎల్.టి.డి., చీరాలను తన స్థావరం చేసుకుంది. చేల పక్కన ఆకు ఎండబెట్టే బ్యారన్లు లేచాయి. 1976లో పొగాకు బోర్డు ఏర్పడినప్పుడు దాని ప్రధాన కార్యాలయం గుంటూరుకే వచ్చింది. పత్తి, మిర్చి తరవాత ఈ మైదానం పేరు దేశాంతరాలకు మోసిన పంట ఇదే.

ఈ పంటను పీడించిన తెగులే ఆధునిక వైద్యంలో ఒక పెద్ద ఆలోచనకు పుట్టిల్లు. ప్రోటీన్లు ఎవరూ పేర్చకుండానే తమంతట తామే ఒక ఆకారంగా కూడుకుంటాయన్నది ఆ ఆలోచన. ఇవాళ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద గీసి, టీకాల కోసం తయారుచేస్తున్న ప్రోటీన్ నానోకణాలకు మూలం అక్కడే ఉంది.

రష్యాలో ఇవనోవ్‌స్కీ 1892లో ఒక విచిత్రాన్ని గమనించాడు. తెగులు సోకిన పొగాకు ఆకు రసాన్ని బాక్టీరియా దాటలేనంత సన్నటి జల్లెడలో వడకట్టినా, ఆ రసం తాకిన మొక్కకు తెగులు వస్తూనే ఉంది. 1898లో నెదర్లాండ్స్‌లో బైయరింక్ ఇది బాక్టీరియా కాదు, కొత్త రకం రోగకారకం అని వాదించాడు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా తీసి చూపించాడు. అంటురోగం తెచ్చే పదార్థాన్ని ఉప్పులా స్ఫటికం చేసి సీసాలో దాచుకోవచ్చన్న సంగతి అప్పట్లో శాస్త్రలోకాన్ని నివ్వెరపరిచింది.

దగ్గరగా చూస్తే ఆ వైరస్ ఒక సన్నటి కడ్డీ. పొడవు 300 నానోమీటర్లు, లావు 18. మధ్యలో ఒక ఆర్.ఎన్.ఎ. పోగు, దాని చుట్టూ మెలిక తిరిగిన మెట్లలా 2,130 ప్రోటీన్లు. ఆ 2,130 ఒకే అచ్చులో పోసినవి. ఒక్కోదానిలో 158 అమైనో ఆమ్లాలు. లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ తన చివరి సంవత్సరాలను చాలావరకు ఈ కడ్డీ నిర్మాణం తేల్చడానికి వెచ్చించింది. 1958లో, 37 ఏళ్లకే ఆమె కన్నుమూసింది.

అసలు మలుపు 1955లో వచ్చింది. బర్క్‌లీలో ఫ్రాంకెల్-కొన్రాట్, రాబ్లీ విలియమ్స్ ఈ వైరస్‌ను విడగొట్టి ప్రోటీన్‌ను ఒక నాళికలో, ఆర్.ఎన్.ఎ.ను ఇంకో నాళికలో ఉంచారు. విడివిడిగా చూస్తే ప్రోటీన్ ఏ మొక్కకూ తెగులు తేలేదు, ఆర్.ఎన్.ఎ. ప్రభావం కూడా నామమాత్రమే. సరైన ఆమ్లత ఉన్న ద్రావణంలో రెంటినీ కలిపారు. కడ్డీలు మళ్లీ తయారయ్యాయి. ఆ కడ్డీలు పొగాకు మొక్కకు మళ్లీ తెగులు తెచ్చాయి. ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చోవాలో చెప్పే మేస్త్రి ఎవరూ లేరు. ఒక్కో ముక్క అంచుల ఆకారంలో, వాటి విద్యుదావేశంలో ఆ సమాచారమంతా ఉంది.

పొగాకు వైరస్ కడ్డీ అయితే, చాలా వైరస్‌లు గుండ్రటివి. మిర్చి రైతులు బొబ్బర తెగులని, జెమిని వైరస్ అని పిలిచే ఆకుముడత అలాంటిదే. మినుము పైరును పసుపు చేసే పల్లాకు తెగులుకూ అదే కుటుంబం కారణం. రెండు గుండ్లు అతికినట్టుండే ఈ జంట కణం గూడులో 110 ప్రోటీన్లు ఉంటాయి. దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసేది తెల్లదోమ. అదే తెల్లదోమ 1980ల నడుమ ఈ జిల్లాల పత్తి చేల మీద విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టి అప్పుల్లో కూరుకుపోయిన పత్తి రైతుల ఆత్మహత్యలతో 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పేర్లు దేశమంతా వినిపించాయి. గుంటూరు శివారు లాం పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా మినుములోనూ మిర్చిలోనూ తెగుళ్లను తట్టుకునే రకాల కోసం వెతుకుతూనే ఉన్నారు. అంటే ఈ నేలకు స్వయంగా పేర్చుకునే ప్రోటీన్ పరిచయమైంది నష్టం రూపంలోనే.

గుండ్రటి వైరస్‌ల లెక్కను 1962లో డొనాల్డ్ కాస్పర్, ఆరన్ క్లుగ్ తేల్చారు. ఒకే రకం ముక్కలతో మూసిన ఒంటి గుండ్రటి గూడు కట్టాలంటే సాధారణంగా ముక్కలు అరవై కావాలి, లేదంటే అరవైకి గుణిజాలుగా ఉండాలి. పాతకాలపు ఫుట్‌బాల్ మీద ఐదు మూలల ముక్కలు పన్నెండూ, ఆరు మూలల ముక్కలు ఇరవయ్యీ కుట్టి ఉంటాయి కదా, 180 ప్రోటీన్ల వైరస్ గూడు అచ్చం ఆ లెక్కలోనే కూడుకుంటుంది.

అలాంటి 180 ముక్కల వైరస్ ఒకటి తెలుగు నేల మీదే దొరికింది. పొన్నూరు, బాపట్ల వైపు తమలపాకు తోటల్లో తీగ పాకడానికి ఊతంగా అవిసె మొక్కలు పెంచుతారు. ఆ అవిసె జాతికే సోకే మొజాయిక్ వైరస్‌ను తిరుపతి పరిసరాల చేలలో గుర్తించి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి. శ్రీనివాసులు, ఎం.వి. నాయుడు 1982లో వివరించారు. రైతుకు పెద్దగా నష్టం తెచ్చే తెగులేమీ కాదది. కానీ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి బృందాలకు అది బంగారు గని అయింది. 1990ల నడుమ వాళ్లు ఎక్స్-కిరణాలతో దాని ప్రతి పరమాణువూ ఎక్కడుందో తేల్చారు. తరవాత ఆ ప్రోటీన్‌ను బాక్టీరియాలో తయారుచేయించారు. లోపల వైరస్ జన్యువు లేని ఖాళీ గూళ్లు వాటంతటవే కూడుకున్నాయి.

ఇంకా ఆసక్తికరమైనది ఆ తరవాతి పని. ప్రోటీన్ మొదటి కొసలో కొన్ని అమైనో ఆమ్లాలను కత్తిరిస్తే 180 ముక్కల గూడు బదులు 60 ముక్కల చిన్న గూడు ఏర్పడింది. గూడు పరిమాణాన్ని నిర్ణయించే మీట ఎక్కడుందో అలా బయటపడింది. 2016లో అదే బృందం ఆ గూడుకు యాంటీబాడీలను పట్టుకునే ఇంకో ప్రోటీన్ భాగాన్ని అతికి, యాంటీబాడీలను జంతు కణాల లోపలికి చేరవేయగలిగింది. మామూలుగా యాంటీబాడీ కణం లోపలికి పోలేదు. తిరుపతి అవిసె ఆకులో దొరికిన తెగులు ముప్ఫై నాలుగేళ్లకు మందును మోసే బండిగా మారింది. ఈ పని గురించి తెలుగు పత్రికల్లో రావలసినంతగా రాలేదు.

మనుషులకు వచ్చే జబ్బు దగ్గరకు వస్తే కథ కామెర్లతో మొదలవుతుంది. కామెర్లకు పసరు పోయించుకోవడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది, ఆ పేరు పసరుకు దక్కేది. హెపటైటిస్-బి అలా వదలదు. రక్తం ద్వారా, సరిగా శుభ్రం చేయని సూదుల ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పుట్టుకలో సోకిన పసికందుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఎన్నో ఏళ్లు చప్పుడు చేయకుండా ఉండి, నడివయసులో కాలేయాన్ని గట్టిపరచి, కొందరిలో కాన్సర్‌గా బయటపడుతుంది.

ఈ వైరస్ ఆచూకీ 1960లలో అమెరికన్ శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్‌కు చిక్కింది. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో కనిపించిన ఒక ప్రోటీన్ దానికి తొలి గుర్తు. రోగుల రక్తాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే అసలు వైరస్‌లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా 22 నానోమీటర్ల చిన్న చిన్న బంతులు కనిపించాయి. వాటిలో జన్యువు లేదు. వైరస్ పై పొర ప్రోటీన్లు కొంత కొవ్వుతో కలిసి తమంతట తాము చుట్టుకున్న ఖాళీ బంతులవి. వాటితో జబ్బు రాదు, కానీ శరీరం వాటిని చూసి వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. 1981లో అమెరికాలో వచ్చిన మొదటి టీకా ఈ బంతులను రోగుల రక్తం నుంచే వడకట్టి తీసినది. ఎయిడ్స్ భయం మొదలైన ఆ రోజుల్లో, రక్తం నుంచి తీసిన టీకా అంటే జనం వెనకాడారు.

దారి ఈస్ట్ చూపించింది. 1982లో కాలిఫోర్నియాలో విలియం రటర్, పాబ్లో వాలెన్‌జ్వేలా, సియాటిల్‌లో బెంజమిన్ హాల్ బృందాలు కలిసి ఆ ఒక్క ప్రోటీన్ జన్యువును ఈస్ట్‌లో పెట్టాయి. ఈస్ట్ ప్రోటీన్‌ను తయారుచేసింది. అది 22 నానోమీటర్ల బంతులుగా కూడుకుంది. 1986లో ఆ పద్ధతిలో టీకాకు అనుమతి వచ్చింది. మనిషికి వేసిన టీకాల్లో జన్యు ఇంజనీరింగ్‌తో వచ్చిన మొట్టమొదటిది అదే.

బంతిగా కూడుకోవడమే అందులో ప్రాణం. విడి ప్రోటీన్‌ను శరీరం పెద్దగా పట్టించుకోదు. ఒకే గుర్తు ఒక బంతి మీద వరసగా పదేపదే కనిపిస్తే, రోగనిరోధక కణం మీది గ్రాహకాలు ఒకేసారి చాలా చోట్ల తగులుకుంటాయి, కణం మేలుకుంటుంది. పైగా ఆ పరిమాణంలో ఉన్న కణాలు సూది వేసిన చోట నుంచి శోషరస గ్రంథులకు సులువుగా చేరుకుంటాయి.

అయితే ఆ టీకా భారతదేశంలో సామాన్యుడికి అందలేదు. 1990ల మొదట్లో దిగుమతి చేసుకున్న ఒక్క డోసు ధర వందల రూపాయల్లో ఉండేది. మూడు డోసులు వేయించాలంటే కూలి కుటుంబానికి నెలల సంపాదన. ఈ సంగతి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డిని కుదిపింది. ఆయనది నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెం, పుట్టింది 1948లో.   

వరప్రసాద్ రెడ్డి సభల్లో చాలాసార్లు చెప్పిన ప్రకారం, జెనీవాలో జరిగిన ఒక సమావేశంలో ఈ టీకా సాంకేతికత గురించి అడిగితే, అది భారతీయులకు కొనలేని, అర్థంకాని విషయమన్న ధోరణిలో సమాధానం వచ్చింది. జీవశాస్త్రం చదవని మనిషి ఆ మాటకు జవాబుగా ఒక కంపెనీ పెట్టాడు. 1993లో తన తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ మొదలైంది. తొలి ప్రయోగశాల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరవాత హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థ ఆవరణలో. దేశంలో ఇలాంటి టీకా ఎవరూ చేయలేదు కాబట్టి బ్యాంకులు ముందుకు రాలేదు. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి ఆదుకుంది. కేంద్ర ప్రభుత్వపు సాంకేతిక అభివృద్ధి మండలి రుణం తోడైంది.

శాంతా వాడినది పిచియా పాస్టోరిస్ అనే ఈస్ట్. మిథనాల్ అందించినప్పుడు ఈ ఈస్ట్ తన జీవక్రియను ఆ ఆహారం వైపు తిప్పుకుంటుంది. అదే మీటకు టీకా ప్రోటీన్ జన్యువును తగిలిస్తే, మిథనాల్ పోసిన కొద్దీ ప్రోటీన్ గుట్టలుగా వస్తుంది. కష్టమంతా ఆ తరవాత. ఈస్ట్ కణాలను పగలగొట్టి, వేల రకాల ఇతర ప్రోటీన్ల నుంచి దీన్ని వేరుచేసి, బంతులు చెదరకుండా శుద్ధి చేసి, అల్యూమినియం లవణం మీద అంటించాలి. ఒక మెట్టులో ఆమ్లత కాస్త తేడా వచ్చినా బంతులు విచ్చుకుపోతాయి, లేదా ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి.

1997 ఆగస్టులో షాన్‌వాక్-బి పేరుతో ఆ టీకా బజారుకొచ్చింది. భారతదేశంలో జన్యు ఇంజనీరింగ్‌తో తయారై మార్కెట్లోకి వచ్చిన తొలి మానవ టీకా ఇది. దిగుమతి సరుకు ధరలో చిన్న వంతుకే, డోసు యాభై రూపాయల ప్రాంతంలో అమ్మారు. కొద్దికాలానికే కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా స్థాపించిన భారత్ బయోటెక్ కూడా తన హెపటైటిస్-బి టీకాతో పోటీకి దిగింది. ధరలు ఇంకా దిగాయి. 2002లో షాన్‌వాక్-బికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరకడంతో యునిసెఫ్ ద్వారా ఇతర దేశాల పిల్లలకూ వెళ్లింది. భారత ప్రభుత్వం 2002–03లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో పిల్లల టీకాల్లో దీన్ని చేర్చి, 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. శాంతా 2009లో ఫ్రెంచి సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది.

పల్లెకు చేరాక ఈ బంతులకు కొత్త గండం ఎదురవుతుంది. మే నెల గుంటూరు ఎండ గురించి అందరూ భయపడతారు గానీ, హెపటైటిస్-బి టీకాను త్వరగా పాడుచేసేది మంచు. గడ్డకడితే అల్యూమినియం లవణం ముద్దకట్టి, టీకా పనికిరాకుండా పోతుంది. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లో దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉంచాలి, ఐస్ ప్యాకులకు తగలనీయకూడదు. అనుమానం వస్తే పల్లె నర్సులు, అంటే ఏ.ఎన్.ఎం.లు, చేసే పరీక్ష ఒకటుంది. కావాలని గడ్డకట్టించి కరిగించిన సీసానూ, అనుమానం ఉన్న సీసానూ ఒక చేత్తో కలిపి ఊపి, పక్కపక్కన నిలబెడతారు. అనుమానపు సీసాలో మడ్డి గడ్డకట్టించిన సీసాలో అంత వేగంగా అడుక్కు దిగితే ఆ టీకా వాడరు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తేల్చాల్సిన సంగతి ఆ బల్ల మీద కంటితోనే తేలిపోతుంది.

టీకా శాస్త్రం ఎంత బాగున్నా జనం నమ్మకం వేరే లెక్క. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను అడ్డుకునే హెచ్.పి.వి. టీకా కూడా తనంతట తాను కూడుకున్న ప్రోటీన్ గూడే. అందులో 360 ముక్కలు. 2009 జులైలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారతీయ వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.), అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయించాయి. ఆశ్రమ పాఠశాలల్లో చాలామంది గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ ఆ సమ్మతి తీసుకున్న పద్ధతిని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది, అది న్యాయమైన విమర్శ. తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట చెప్పకపోవడం వల్ల ఒక మంచి టీకా ఈ ప్రాంతంలో ఏళ్లపాటు అనుమానం మూటగట్టుకుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రకృతిలో ఉన్న గూళ్లు. వాటిని అసలు కొత్తగా గీయగలమా అన్న ప్రశ్నకు జవాబు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. డేవిడ్ బేకర్ బృందం 2003లో ప్రకృతిలో లేని మడతతో ఒక ప్రోటీన్‌ను కంప్యూటర్‌లో రూపొందించింది. ఆ లెక్కలకు పునాదుల్లో ఒకటి మద్రాసులో పడింది: ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదు, ఏ కోణాల్లో వంగలేదు అని చెప్పే జి.ఎన్. రామచంద్రన్ పటం 1963 నాటిది. బేకర్ దగ్గర నీల్ కింగ్ 2012 నుంచి గూళ్ల మీద పడ్డాడు. రెండు ప్రోటీన్ల అంచులను ఒకదానికొకటి సరిపోయేలా మార్చి, 2016 నాటికి 120 ముక్కల గూడు కట్టించాడు. మూడేసి ముక్కల గుత్తులు ఇరవై, ఐదేసి ముక్కల గుత్తులు పన్నెండు. రెండింటినీ విడిగా తయారుచేసి సీసాలో కలిపితే గూడు కూడుకుంటుంది. 1955లో బర్క్‌లీలో రెండు నాళికలు కలిపిన పనికి ఇది మనవడు. తేడా అల్లా ముక్కల అంచులను ఈసారి మనిషే గీశాడు.

ఆ గూడు మీద కరోనా వైరస్ ముల్లు ప్రోటీన్ నుంచి తీసిన భాగాలను 60 తగిలించి చేసిన టీకాకు 2022 జూన్‌లో దక్షిణ కొరియా అనుమతినిచ్చింది. కంప్యూటర్‌లో రూపొందించిన ప్రోటీన్‌తో మనుషులకు అనుమతి పొందిన తొలి మందు ఇదే. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగభాగం బేకర్‌కు దక్కింది.

హైదరాబాద్‌కు ఈ దారిలో చోటు ఉంది. హెపటైటిస్-బి బంతికే మలేరియా పరాన్నజీవి ప్రోటీన్ ముక్కను అతికి చేసిన ఆర్.టి.ఎస్.,ఎస్. టీకా తయారీ బాధ్యతను జి.ఎస్.కె. కంపెనీ నుంచి భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం 2021 జనవరిలో కుదిరింది. అదే ఏడాది అక్టోబరులో ఆఫ్రికా పిల్లలకు ఆ టీకా వేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఒకప్పుడు శాంతా నేర్చుకున్న చేతిపని, అంటే ఈస్ట్‌లో పుట్టిన బంతిని చెదరకుండా పట్టుకుని శుద్ధి చేయడం, ఇప్పటికీ ఈ పనిలో సగం.

మిగిలిన సగం రూపకల్పన. అక్కడ మనవాళ్లు ఇంకా వెనకబడే ఉన్నారు, కానీ చేతకాక కాదు. ఢిల్లీలోని ఐ.సి.జి.ఇ.బి. పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు హెపటైటిస్-బి ప్రోటీన్‌కు నాలుగు రకాల డెంగీ వైరస్‌ల ముక్కలను అతికి, శాంతా వాడిన పిచియా ఈస్ట్‌లోనే పెంచి, 2018లో ఫలితాలు ప్రకటించారు. ఎలుకల్లోనూ కోతుల్లోనూ ఆ కణాలు నాలుగు రకాల డెంగీని నిలువరించే యాంటీబాడీలను పుట్టించాయి. వానాకాలం వచ్చిన ప్రతిసారీ గుంటూరు, ఒంగోలు ఆసుపత్రులు డెంగీ జ్వరాలతో నిండిపోతాయి కాబట్టి, ఇలాంటి టీకా ఈ జిల్లాలకు దూరపు సంగతి కాదు. మొక్కల వైరస్‌లను చేలో గుర్తుపట్టగల మనుషులు లాంలో, తిరుపతిలో ఉన్నారు. వాటి గూళ్లను విప్పి మార్చగలిగినవాళ్లు బెంగళూరులో ఉన్నారు. లక్షల డోసులు చౌకగా చేయగల కర్మాగారాలు హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే పథకం కిందికి తెచ్చి, పదేళ్లపాటు నిలకడగా డబ్బు ఇవ్వాల్సింది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రమూ. ఆ పథకంలో మొదటి పని డెంగీ టీకా కావాలి.